విమానంలో లైటరా, అగ్గిపెట్టా? ఏది ఎక్కడ చెల్లుతుంది, ఏది ఇంట్లోనే వదిలెయ్యాలి

శంషాబాద్, గన్నవరం, విశాఖ, రేణిగుంట... మన దేశంలో ఏ విమానాశ్రయం నుంచి బయలుదేరుతున్నా జవాబు ఒక్కటే. లైటర్ వద్దు, అగ్గిపెట్టె వద్దు. జేబులో వద్దు, చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో అసలే వద్దు. పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, పెట్టిన నిషేధం ఇది. దేశంలో తిరిగే విమానాలకూ విదేశాలకు వెళ్లే విమానాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంత సూటి జవాబు ఉండగా పోలిక ఎందుకంటే, మన ప్రయాణాలన్నీ ఇక్కడే మొదలై ఇక్కడే ముగియడం లేదు. డాలస్ నుంచి సెలవులకు వచ్చే కొడుకు, దుబాయ్ నుంచి జగిత్యాలకు తిరిగి వస్తున్న కార్మికుడు, లండన్‌లో చదువుతూ మధ్యలో పారిస్ చూసి వద్దామనుకునే అమ్మాయి, వీళ్లకు ఒక్కో విమానాశ్రయంలో ఒక్కో నియమం ఎదురవుతుంది. ఒక చోట దర్జాగా జేబులో పెట్టుకుని దాటిన లైటర్‌ను మరో చోట తీసి డబ్బాలో పడేయాల్సి వస్తుంది. అందుకే ఏ రకం వస్తువు, ఏ దేశం, ఏ సంచి అనే మూడు ప్రశ్నలనూ కలిపి చూడాలి.

ముందుగా ఒక అపోహ తొలగాలి. చాలామంది "చేతి సంచిలో ఒప్పుకోకపోతే పెద్ద పెట్టెలో వేసేద్దాం" అనుకుంటారు. చాకు, కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటి వాటికి ఆ లెక్క సరిపోతుంది. వాటి ప్రమాదమంతా మనిషి చేతిలో ఉంటుంది, సామాను అరలోకి వెళ్లాక వాటితో ఎవరూ ఏమీ చేయలేరు. నిప్పు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒత్తుగా కుక్కిన బట్టల మధ్య లైటర్ మీట నొక్కుకుపోయి గ్యాసు కారవచ్చు, అగ్గిపుల్లలు ఒకదానికొకటి రాసుకోవచ్చు. ఆ పని ప్రయాణికుల మధ్య జరిగితే వాసన పసిగట్టే ముక్కులు, చూసే కళ్లు, మంటలార్పే పరికరం పట్టుకుని పరుగెత్తుకొచ్చే సిబ్బంది ఉంటారు. కింద సామాను అరలో పొగను గుర్తించే యంత్రాలు, మంటను అణిచే వాయువు ఉంటాయి గాని మనిషి చెయ్యి అక్కడికి చేరదు. అందుకే ప్రపంచమంతా అనుసరించే సూత్రంలో లైటర్‌కు చోటు ఏదైనా ఉంటే అది మనిషి ఒంటి మీదే, చెక్-ఇన్ పెట్టెలో కాదు.

విమానంలో చిన్న నిప్పు ఎంత దూరం వెళ్లగలదో 1973 జులై 11న తెలిసింది. బ్రెజిల్‌కు చెందిన వారిగ్ సంస్థ విమానం రియో డి జనైరో నుంచి పారిస్ వెళ్తుండగా వెనుకవైపు మరుగుదొడ్డిలో మంట పుట్టింది. చెత్తబుట్టలో ఎవరో పడేసిన సిగరెట్ ముక్కే కారణమై ఉంటుందని భావించారు. ఓర్లీ విమానాశ్రయం కనుచూపు మేరలో ఉండగానే పైలట్లు పొలంలో దించేశారు. అయినా 123 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది పొగ. ఈ నియమాలను చాదస్తం అని కొట్టిపారేసే ముందు ఆ విమానాన్ని తలచుకోవాలి.

అంతర్జాతీయ సూత్రం, దాని లోపలి మెలికలు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాదకర వస్తువుల నియమావళి ప్రకారం ఒక మనిషి తన వాడకం కోసం ఒక చిన్న లైటర్ గాని, ఒక చిన్న అగ్గిపెట్టె గాని ఒంటి మీద ఉంచుకోవచ్చు. సంచిలో కాదు, ఒంటి మీద. అదీ ఒక్కటే. భార్యాభర్తలిద్దరూ ప్రయాణిస్తుంటే ఇద్దరికీ చెరొకటి గాని, ఒకరి జేబులో రెండు కాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. దేశాలు, విమాన సంస్థలు దీనికంటే కఠినంగా ఉండవచ్చు, మన దేశం ఉంటోంది కూడా.

ఈ సూత్రం ఉన్న చోట కూడా అన్ని లైటర్లూ ఒకటి కావు. కిళ్లీ కొట్టులో దొరికే ప్లాస్టిక్ లైటర్‌లో ఒత్తిడితో ద్రవంగా మార్చిన బ్యూటేన్ ఉంటుంది. సున్నా డిగ్రీలకు కొంచెం కిందనే మరిగే వాయువు అది, సీలు చెడితే వెంటనే ఆవిరై బయటికి వస్తుంది. అయినా ఇంధనం కొద్దిపాటిదే, మంట చిన్నదే కాబట్టి అనుమతి ఉన్న దేశాల్లో దీనికి ఇబ్బంది లేదు. ఒక లైటర్‌తో విదేశీ ప్రయాణం చేయక తప్పని వారికి నేను చెప్పేది దీన్నే. పోయినా బాధపడనక్కర్లేదు.

జిప్పో తరహా లోహపు లైటర్ పనితీరు వేరు. పైకి కనిపించే తొడుగు వట్టి లోహం. లోపలి భాగాన్ని పైకి లాగితే అడుగున ఒక మెత్త కనిపిస్తుంది, దాన్ని ఎత్తి చూస్తే దూది కూరి ఉంటుంది. ఇంధనమంతా ఆ దూదిలో ఇంకి ఉంటుంది. ద్రవం దూదిలో పీల్చుకుని ఉంది కాబట్టే నియమావళి దీన్ని ఒప్పుకుంటుంది. అదే ఇంధనం పీల్చుకోకుండా లోపల ద్రవంగానే కదులుతూ ఉండే లైటర్లకు అనుమతి లేదు. పైన చల్లగా ఉండే విమానంలోనూ దూది నుంచి ఆవిరి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది, కొత్తగా నింపిన లైటర్ జేబును తడిపి వాసన కొట్టించడం దాని అలవాటు. ఇంధనం నింపే చిన్న డబ్బా గాని, గ్యాసు నింపే సీసా గాని ఏ సంచిలోనూ చెల్లదు. లైటర్‌ను ఒప్పుకున్న దేశంలో కూడా దాని ఇంధనాన్ని ఒప్పుకోరు.

నీలి మంటతో బుస్సుమనే జెట్ లైటర్, సిగార్ లైటర్ విషయంలో తర్కం అక్కర్లేదు. ఎక్కడా తీసుకెళ్లకండి. గాలికి ఆరని, లోహాన్ని ఎర్రగా కాల్చగల మంట అది.

కొత్తగా వచ్చినవి ఛార్జింగ్ పెట్టుకునే లైటర్లు. రెండు కొనల మధ్య విద్యుత్ మెరుపు పుట్టించేవి, తీగను ఎర్రబెట్టేవి. వీటిలో గ్యాసు లేదు కాబట్టి ఎక్కడైనా సరే అనుకునేవారు ఉన్నారు. గ్యాసు లేకపోయినా లిథియం బ్యాటరీ ఉంది. పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదని చెప్పేది ఏ కారణంతోనో ఇక్కడా అదే కారణం. అంతర్జాతీయ సూత్రం ప్రకారం ఇవి ఒంటి మీదే ఉండాలి, మీట పొరపాటున నొక్కుకోకుండా మూతో తాళమో ఉండాలి. మన దేశంలో ఇదీ లైటరే.

ఇక అగ్గిపుల్లలు. శివకాశి నుంచి మన ఇళ్లకు వచ్చే పెట్టెల్లో ఉండేవి భద్రమైన రకం. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కనున్న గరుకు పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటాయి. రెండూ కలిస్తేనే నిప్పు. అమెరికాలో దొరికే ఇంకో రకం పుల్లలకు నిప్పు పుట్టడానికి కావలసిన రసాయనాలన్నీ తలలోనే ఉంటాయి, గోడకు గీసినా రాతికి గీసినా అంటుకుంటాయి. తలపై తెల్లని చుక్క ఉంటే ఆ రకమేనని అనుమానించాలి. వాటిని ఏ దేశపు విమానంలోనూ, ఏ సంచిలోనూ ఒప్పుకోరు.

దేశం మారితే

అమెరికా లోపల ఒక మామూలు లైటర్‌ను గాని, ఒక అట్ట అగ్గిపుల్లలను గాని వెంట ఉంచుకోవచ్చు. అక్కడ చేతి సంచిలో పెట్టుకున్నా అభ్యంతరం లేదు. అగ్గిపుల్లలు చెక్-ఇన్‌లో నిషేధం. ఇంధనం ఉన్న లైటర్‌ను చెక్-ఇన్ చేయాలంటే అక్కడి రవాణా శాఖ ఆమోదించిన, గాలి చొరబడని ప్రత్యేక డబ్బాలో పెట్టాలి, అవీ రెండుకు మించకూడదు. ఇంధనం ఏమాత్రం లేని లైటర్‌కు చెక్-ఇన్‌లో అడ్డు లేదు. ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్న విమానాల్లో పై అరలు నిండిపోయాయని తలుపు దగ్గర మన చేతి సంచిని తీసుకుని కింద సామానులో వేస్తుంటారు. ఆ క్షణంలో లైటర్, పవర్ బ్యాంకు బయటికి తీసి జేబులో పెట్టుకోవాలని చాలామందికి గుర్తుండదు.

అమెరికా ఎప్పుడూ ఇంత ఉదారంగా లేదు. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో రిచర్డ్ రీడ్ అనే వ్యక్తి బూటులో దాచిన పేలుడు పదార్థానికి నిప్పంటించబోయాడు, సిబ్బందీ తోటి ప్రయాణికులూ కలిసి పట్టి కట్టేశారు. ఆ తర్వాత వచ్చిన చట్టంతో 2005 ఏప్రిల్ 14 నుంచి లైటర్లను విమానంలోకి రానివ్వలేదు. రీడ్ వాడింది అగ్గిపుల్లలు, చట్టం ఆపింది లైటర్లను. తనిఖీ కేంద్రాల్లో రోజుకు 22,000కు పైగా లైటర్లు పోగవుతుంటే, సిబ్బంది కళ్లు పేలుడు పదార్థాల మీద ఉండాలి గాని వీటి మీద కాదని భావించి 2007 ఆగస్టు 4న మామూలు లైటర్లకు మళ్లీ తలుపు తెరిచారు.

బ్రిటన్‌లో ఒక్క లైటర్‌కు అనుమతి ఉంది గాని పద్ధతి కచ్చితంగా ఉంటుంది. ద్రవాలకు వాడే, మళ్లీ మూసుకునే ప్లాస్టిక్ సంచిలో దాన్ని పెట్టి ప్రయాణమంతా ఒంటి మీదే ఉంచుకోవాలి. తనిఖీ అయ్యాక చేతి సంచిలోకి జారవిడవకూడదు, చెక్-ఇన్‌లో వేయకూడదు. జపాన్‌లో లైటర్ గాని అగ్గిపెట్టె గాని ఏదో ఒకటి, అదీ ఒంటి మీద. చైనా 2008 ఏప్రిల్‌లో మనలాగే తలుపు మూసేసింది, జేబులోనూ వద్దు పెట్టెలోనూ వద్దు. షాంఘై, గ్వాంగ్‌ఝౌ మీదుగా అమెరికా వెళ్లే చౌక టికెట్లు కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చేవారికి ఒక మాట. స్నేహితులకు బహుమతిగా రంగురంగుల లైటర్లు డజను కొని పెట్టెలో సర్దుకోవడం మంచి ఆలోచన కాదు. ఒక మనిషికి ఒకటి, సొంత వాడకానికి అన్న సూత్రం అక్కడే దెబ్బతింటుంది. అత్తరు కొనండి, ఖర్జూరం కొనండి.

అసలు చిక్కు విమానం మారే చోట ఉంది. చికాగో నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వస్తున్నారనుకుందాం. చికాగోలో జేబులో లైటర్ ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు. ఢిల్లీలో దిగి, ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటి హైదరాబాద్ విమానానికి వెళ్లేటప్పుడు మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. అక్కడ భారతీయ నియమం. లైటర్ అక్కడితో సరి. నేరుగా హైదరాబాద్‌కు వచ్చే విమానమైతే ఈ బెడద లేదు, కాని తిరుగు ప్రయాణంలో అదే లైటర్‌ను మన తనిఖీ దాటించలేరు. అంటే అమెరికా నుంచి తెచ్చిన మంచి లైటర్‌కు ఇది ఒకవైపు ప్రయాణమే. అలాగే అమెరికా లోపల చెల్లే ఆ ప్రత్యేక డబ్బా సౌకర్యాన్ని నమ్ముకుని భారత్‌కు వచ్చే పెట్టెలో లైటర్ పెట్టకండి. ఏ విమానాశ్రయంలో తనిఖీ జరుగుతుందో ఆ దేశపు మాటే చెల్లుతుంది, బయలుదేరిన ఊరి మాట కాదు.

పూజ సామాను సర్దే తల్లులకు

మన ఇళ్లలో పట్టుబడే అగ్గిపెట్టెల్లో చాలా వాటికి సిగరెట్‌తో సంబంధం ఉండదు. పిల్లాడు చదువుకు అమెరికా వెళ్తున్నాడు. అమ్మ ఒక స్టీలు డబ్బాలో చిన్న వినాయకుడు, కుంకుమ, పసుపు, దూది వత్తులు, అగరుబత్తి, హారతి కర్పూరం, పైన రెండు రూపాయల అగ్గిపెట్టె పెట్టి మూత బిగిస్తుంది. ఎక్స్-రే తెర మీద ఆ డబ్బా కనిపించగానే పెట్టె పక్కకు పోతుంది. ఇరవై మూడు కిలోల బరువు సరిచూసి, తాడు కట్టి, పేరు రాసిన పెట్టెను కౌంటర్ వెనక అందరి ముందూ విప్పడం ఆ పిల్లాడికి ఆ రోజు అక్కర్లేని కంగారు.

ఆ డబ్బాలో అగ్గిపెట్టె ఒక్కటే కాదు, కర్పూరం కూడా తీసేయాల్సిందే. కర్పూరం రవాణా నియమాల్లో మండే ఘనపదార్థంగా నమోదైన వస్తువు. వత్తులు, అగరుబత్తి, కుంకుమ ఉంచుకోవచ్చు. అమెరికాలో మనవాళ్లున్న ఏ నగరంలోనైనా పటేల్ బ్రదర్స్ లాంటి భారతీయ సరుకుల దుకాణంలో కర్పూరం దొరుకుతుంది. అగ్గిపుల్లలు, లైటర్ ఏ మందుల దుకాణంలోనైనా, పెట్రోలు బంకులోనైనా దొరుకుతాయి. మోసుకెళ్లడం కన్నా కొనుక్కోవడం అన్ని విధాలా మేలు.

వంటింటి గ్యాస్ లైటర్ పెడదామనే ఆలోచన కూడా వస్తుంది. మన స్టవ్ దగ్గర టకటకలాడే ఆ పొడవాటి లైటర్‌లో ఇంధనం లేదు, వట్టి నిప్పురవ్వ మాత్రమే పుడుతుంది. ఆ రవ్వ గ్యాసును అంటించగలదు గాని నూనె వత్తిని వెలిగించలేదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలా వాటిలో విద్యుత్ పొయ్యిలే, దాని మీద దీనికి పని లేదు. దాన్ని ఇంట్లోనే ఉంచండి. ఇంకో మాట, విశ్వవిద్యాలయాల వసతిగృహాల్లో చాలా చోట్ల కొవ్వొత్తి, అగరుబత్తి వెలిగించడమే నిషేధం. పొగ కాస్త ఎక్కువైతే గంట మోగి భవనమంతా ఖాళీ చేయాలి. అలాంటి గదికి వెళ్లే పిల్లలకు బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఇవ్వడంలో భక్తికి లోటేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. బ్యాటరీలను మాత్రం చేతి సంచిలో ఉంచండి.

శబరిమల వెళ్లే స్వాములకు కొబ్బరికాయ విషయంలో ఊరట దొరికింది. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కే గుణం ఉంది, అందుకే విమాన రవాణాలో దాన్ని ప్రమాదకర వస్తువుగా చూస్తారు. కాయను కూడా క్యాబిన్‌లోకి తేనిచ్చేవారు కాదు. 2024 అక్టోబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇరుముడిలోని కొబ్బరికాయను వెంట తీసుకెళ్లేందుకు 2025 జనవరి 20 వరకు మినహాయింపు ప్రకటించారు. మినహాయింపు కాయకే గాని కర్పూరానికో అగ్గిపెట్టెకో కాదు. ఇరుముడి కట్టే రోజునే గురుస్వామికి విమానంలో వెళ్తున్నామని చెబితే ఆయన కర్పూరం వేయకుండా కడతారు, కేరళలో దిగాక కొనుక్కోవచ్చు. కట్టిన ముడిని తనిఖీ దగ్గర విప్పాల్సి రావడం ఏ స్వామికీ ఇష్టం ఉండదు. దీక్షలో లేని యాత్రికులు ఈ మినహాయింపును తమకూ వర్తింపజేసుకోవద్దు. బయలుదేరే సీజన్‌లో మినహాయింపు అమల్లో ఉందో లేదో విమాన సంస్థను అడిగి తెలుసుకోవాలి.

లేహ్‌కో డెహ్రాడూన్‌కో ట్రెక్కింగ్‌కు ఎగిరే కుర్రకారు సంచుల్లోనూ ఇదే కథ. గ్యాసు డబ్బా, లైటర్, అగ్గిపెట్టె మూడూ నిషేధమే, మూడూ అక్కడి బజారులో దొరికేవే.

నాన్న ఇచ్చిన లైటర్ అయితే

పది, ఇరవై రూపాయల లైటర్‌కు ఎంపిక కష్టం కాదు, ఇంటి దగ్గరే ఎవరికైనా ఇచ్చేయాలి. జ్ఞాపకం ముడిపడిన లోహపు లైటర్ అయితే మనసు ఒప్పదు. తనిఖీ దగ్గర డబ్బాలో వేసిన వస్తువు తిరిగి రాదు, "నేను తిరిగి వచ్చినప్పుడు తీసుకుంటాను" అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఇంధనం తీసేశాను, ఖాళీదే అని వాదించినా ఎక్స్-రే చూసే ఉద్యోగికి అది లైటర్ ఆకారమే, లోపలి దూదిలో వాసన కూడా పోయి ఉండదు.

అలాంటి దానికి నేను సూచించే దారి ఒకటే. లోపలి భాగాన్ని లాగేసి ఇంట్లోనే ఉంచండి. దూది, చక్రం, ఇంధనం, అన్నీ ఉండేది అందులోనే. చెక్కిన పేరు, అరిగిన అంచు, చేతికి తెలిసిన బరువు, అంటే జ్ఞాపకమంతా పై తొడుగులో ఉంటుంది. తొడుగును కూడా విమానంలో తీసుకెళ్లి ఉద్యోగికి వివరించే ప్రయత్నం చేయకుండా, దేశం లోపలైతే రైల్లో వెళ్లే బంధువు చేతికి ఇవ్వడం నిశ్చింత. కొరియర్‌లో ఇంధనం ఉన్న లైటర్‌ను మాత్రం వేయకండి. పార్సిళ్లు కూడా విమానాల్లోనే వెళ్తాయి, అదే నిషేధం వాటికీ ఉంది. గమ్యం చేరాక కొత్త లోపలి భాగం కొనుక్కుని అందులో అమర్చుకోవచ్చు, అవి విడిగానే అమ్ముతారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పెట్టెలో ఏ మూలనో అగ్గిపెట్టె మిగిలిపోయి, బోర్డింగ్ గేటు దగ్గర మీ పేరు పిలిస్తే దాచే ప్రయత్నం చేయకండి, విమానం ఎక్కడానికి తొందరపడి వినపడనట్టు ఉండకండి. పిలుపుకు మీరు రాకపోతే పెట్టె విమానం ఎక్కదు. సిబ్బందితో వెళ్లి, తాళం మీరే తీసి, ఆ వస్తువు వాళ్ల ముందే తీసి ఇచ్చేస్తే పెట్టె మళ్లీ బెల్టు మీదికి వెళ్తుంది. ఆ తాళం చెవి చెక్-ఇన్ పెట్టెకే కట్టి ఉంచకుండా మీ దగ్గర, తీసుకోవడానికి అందే చోట పెట్టుకోండి.